తరుగు పోను చేతికెంతొస్తది?



అలెక్సా అనే పేరును రేడియోలో పలకాలంటే నాకు కొంచెం జంకు. మీ ఇంట్లో రేడియో పక్కనే ఆ పేరుకు పలికే స్పీకరు డబ్బా ఉంటే, తననే పిలిచారనుకుని అది లేచి కూర్చుంటుంది. నవ్వులాటకు అంటున్న మాట కాదిది. 2017 జనవరిలో అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక టీవీ ఛానల్ యాంకరు, ఓ చిన్నపిల్ల ఈ డబ్బాతో మాట్లాడి బొమ్మరిల్లు ఆర్డరు చేసిందన్న వార్త చెబుతూ ఆ పిల్ల అన్న మాటను మళ్లీ పలికాడు. టీవీ చూస్తున్న కొన్ని ఇళ్లలో డబ్బాలు తమకే పని చెప్పారనుకుని, తామూ బొమ్మరిల్లు తెప్పించే ప్రయత్నంలో పడ్డాయి. అందుకని ఈ ప్రసంగం పొడుగునా దాన్ని వీలైనంతవరకు 'డబ్బా' అనే అంటాను. ఎవరింటికీ బొమ్మరిళ్లు రాకుండా ఉంటాయి.

అమెజాన్ కంపెనీ ఈ డబ్బాను 2014 నవంబరులో అమెరికాలో బయటికి తెచ్చింది. మన దేశానికి 2017లో వచ్చింది. పాట పెట్టడం, టైమ్ చెప్పడం, అలారం మోగించడం లాంటివి దానికి పుట్టుకతో వచ్చిన పనులు. 2015 జూన్‌లో కంపెనీ తలుపు తీసింది. బయటివాళ్లు ఎవరైనా సరే దీనికి కొత్త పని నేర్పుకోవచ్చు అన్నది. అలా నేర్పిన పనిని స్కిల్ అంటారు. ఫోనులో యాప్ ఉన్నట్టే డబ్బాలో స్కిల్. మన ఆకాశవాణి కూడా 2019లో తన ప్రసారాలు ఈ డబ్బాల్లో వినపడే ఏర్పాటు చేసుకున్నది.

ఇవాళ్టి ముచ్చట ఆ స్కిల్ తయారు చేసే పనిముట్టు గురించి. పేరు ఆస్క్ సీఎల్ఐ. ఇది కమాండ్ లైన్ పనిముట్టు. అంటే బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్లటి తెర, దాని మీద మినుకు మినుకుమనే ఒక చిన్న గీత. మనం ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కాలి, అది ఒక మాట జవాబివ్వాలి, అంతే. రేడియోలో తెర చూపించలేను. కానీ ఈ తెర మీద ఉండేవన్నీ మాటలే కాబట్టి, కంప్యూటర్ పనుల్లో రేడియోకు ఇంతకన్నా అనువైనది దొరకదు.

ముందు కంప్యూటర్లో నోడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలి. దాని సాయంతో ఈ పనిముట్టును ఒక్క వరుసతో దింపుకోవచ్చు. తర్వాత 'ఆస్క్ కాన్ఫిగర్' అని కొడితే మన అమెజాన్ ఖాతాతో జత కుదురుతుంది. 'ఆస్క్ న్యూ' అని కొడితే పెళ్లిళ్ల పేరయ్యలాగా ప్రశ్నలు మొదలుపెడుతుంది. ఏ భాషలో కోడ్ రాస్తావు, జావాస్క్రిప్టా, పైథానా, జావానా? ఎక్కడ ఉంచుతావు, మా సర్వర్లోనా, నీ సొంత ఖాతాలోనా? స్కిల్‌కు పేరేమిటి? అన్నీ చెప్పాక ఒక ఫోల్డరు తయారవుతుంది. అందులో మనకు పట్టింపు ఉన్నవి రెండే. ఒకటి, జవాబు తయారు చేసే కోడ్. రెండోది, మనుషులు ఎట్లా అడుగుతారో రాసి ఉండే ఫైలు. అన్నీ సిద్ధమయ్యాక 'ఆస్క్ డిప్లాయ్' అంటే మొత్తం వెళ్లి సర్వర్లో కూర్చుంటుంది. 'ఆస్క్ డైలాగ్' అంటే డబ్బా లేకుండానే టైపు కొట్టి సంభాషణ నడిపి చూసుకోవచ్చు. డబ్బా కొనే స్తోమత లేని విద్యార్థికి ఈ ఆఖరిది పెద్ద వెసులుబాటు.

ఇదే పని వెబ్‌సైటులో బటన్లు నొక్కుతూ కూడా చేయవచ్చు. అయినా అనుభవం ఉన్నవాళ్లు నల్ల తెరకే వస్తారు. కారణం సాదా. నలభై వాక్యాలు మార్చాలంటే ఫైలు తెరిచి ఒక్క ఊపులో మార్చేస్తారు, ఒక్క కమాండ్‌తో పంపేస్తారు. నిన్న ఎట్లా ఉండేది, ఇవాళ ఎవరు ఏం మార్చారు అన్న లెక్క కూడా ఉంటుంది.

నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఎప్పుడూ మొదటి ఫైలు మీదే పడతారు, కోడ్ మీద. రెండో ఫైలును ఐదు నిమిషాల్లో ముగిస్తారు. నా లెక్కలో అసలు పనంతా ఆ రెండో ఫైలులోనే ఉంది. మార్కెట్ ధరలు చెప్పే ఒక స్కిల్‌ను ఊహించుకుని దాన్ని విప్పి చూద్దాం.

ధర తెచ్చిపెట్టే కోడ్ కష్టం కాదు. కేంద్ర ప్రభుత్వం అగ్‌మార్క్‌నెట్ పేరుతో ఏ మార్కెట్లో ఏ పంట ఎంత పలికిందో రోజూ పెడుతుంది. దాన్ని అడిగి తెచ్చుకునే కోడ్ రెండో సంవత్సరం విద్యార్థి రాయగలడు. ఇక రెండో ఫైలు. అందులో 'ధర అడగడం' అని ఒక ఉద్దేశం రాసుకుంటాం. దీన్ని ఇంటెంట్ అంటారు. ఆ ఉద్దేశంతో మనిషి ఏయే మాటలు అనవచ్చో కింద వరుసగా రాయాలి. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్న కుర్రాడు ఏం రాస్తాడు? 'నేటి ధాన్యం ధర ఎంత?' అని రాస్తాడు. 'వేరుశనగ ధర తెలపండి' అని రాస్తాడు. ఈ రెండు వాక్యాలూ తప్పు కావు. కానీ మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడ్డ ఏ రైతు నోటా ఇవి రావు.

వచ్చేది ఇట్లా ఉంటుంది: 'ఇయ్యాల వడ్లెంతకు పోతున్నయ్?' 'సన్నాలు ఎట్లున్నయ్?' 'పల్లికాయ రేటెంతుంది?' 'కందులకేం పెడుతున్నరు?' 'ఇయ్యాల యార్డున్నదా?' ఈ ఐదింటిలో 'ధర' అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. 'ఎట్లున్నయ్' అంటే సన్నరకం వడ్ల నాణ్యత అడగడం కాదు, రేటు అడగడం. యార్డున్నదా అంటే మార్కెట్టు ఊళ్లో ఉందా అని కాదు, ఇవాళ కొనుగోళ్లు నడుస్తున్నాయా అని. ఐదోది అసలు వేరే ఉద్దేశం కింద పెట్టాలి. ఈ తేడా రాసేవాడికి తెలియకపోతే, ఎంత మంచి కోడ్ రాసినా డబ్బా 'క్షమించండి, నాకు అర్థం కాలేదు' అంటూనే ఉంటుంది.

వాక్యంలో మారుతుండే ముక్కలను స్లాట్లు అంటారు. పంట ఒక స్లాటు, ఊరు ఒక స్లాటు. ఒక్కో విలువకు మారుపేర్లు రాసుకునే వీలుంది. వేరుశనగ అన్న చోట పల్లికాయ, పల్లీలు అని చేర్చాలి. కృష్ణ దాటి కర్నూలు వైపు గాలి తగిలే గద్వాల ప్రాంతానికి బుడ్డలు అని కూడా చేర్చాలి. మహబూబ్‌నగర్ పక్కన పాలమూరు, హైదరాబాద్ పక్కన పట్నం. జిల్లాల సంగతి ఇంకో తిరకాసు. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టారు, 2019లో నారాయణపేట వేరుపడింది. ఇవాళ పాత పాలమూరు ఐదు జిల్లాలు, పాత నల్లగొండ మూడు జిల్లాలు. రికార్డుల్లో వనపర్తి జిల్లా అని ఉంటుంది. అడిగే ముసలాయన మాత్రం ఇంకా 'పాలమూరు జిల్లల' అనే అంటాడు. ఆయన్ను దిద్దడం డబ్బా పని కాదు, ఆయన మాట అందుకోవడం దాని పని.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఇంగ్లీషులో ఊరి పేరు ఊరి పేరుగానే ఉంటుంది, దానికి ముందు ఒక చిన్న మాట వచ్చి చేరుతుంది. స్లాటు చుట్టూ గీత గీయడం తేలిక. మన దగ్గర ప్రత్యయం పేరుకు అతుక్కుని కూర్చుంటుంది. మిర్యాలగూడలో, మిర్యాలగూడల, మిర్యాలగూడకు, మిర్యాలగూడది, మిర్యాలగూడెంకెళ్లి. యంత్రానికి ఇవి ఐదు వేరువేరు ఊళ్లు. ఒక్కో ఊరికి ఇన్నేసి రూపాలు రాయాలి, లేకపోతే తోక కత్తిరించి మొదలు పట్టుకునే కోడ్ ముందుగానే నడపాలి. ఈ పనిముట్టును తయారు చేసినవాళ్లు ఇంగ్లీషును మనసులో పెట్టుకుని చేశారు. అందులో వాళ్ల తప్పు లేదు. కానీ ఆ కొరత పూడ్చుకోవలసింది మనం.

ఇంత చెప్పాక అసలు చిక్కు చెప్పాలి. ఆ ఫోల్డరులో ఒక్కో భాషకు ఒక్కో ఫైలు పెట్టుకోవాలి. కంపెనీ ఒప్పుకునే భాషల జాబితా ఒకటుంది. భారతీయ ఇంగ్లీషు ఉంది, 2019 నుంచి హిందీ ఉంది. జపనీస్, జర్మన్, అరబ్బీ ఉన్నాయి. నేను ఈ ప్రసంగం రాసేనాటికి తెలుగు లేదు. అంటే పైన చెప్పిన వాక్యాలన్నీ తెలుగు లిపిలో పొందిగ్గా రాసి డిప్లాయ్ కొట్టినా లాభం లేదు.

ఇందులో ఒక వింత ఉంది. డబ్బా తెలుగులో చెప్పగలదు, వినలేదు. జవాబుగా రికార్డు చేసిన శబ్దం వినిపించే వీలు స్కిల్‌లో ఉంది. నాలుగు నిమిషాల దాకా వినిపించవచ్చు. ధరలకు కావలసిన అంకెలు, పంటల పేర్లు, ఊళ్ల పేర్లు మన ఊరి అమ్మాయి గొంతుతో రికార్డు చేసి పెట్టుకుంటే, డబ్బా అచ్చం నల్లగొండ మనిషిలాగే జవాబు చెబుతుంది. రైల్వే స్టేషన్లలో రైళ్ల రాకపోకలు చెప్పేది ఈ పద్ధతిలోనే కదా. కానీ అడగడం మాత్రం హిందీలోనో, ఇంగ్లీషులోనో అడగాలి. కొందరు విద్యార్థులు ఇంగ్లీషు ఫైలులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వాక్యాలు రాసి పని గడుపుకోవాలని చూస్తారు. వినే యంత్రం ఇంగ్లీషు చెవులతో వింటుంది కాబట్టి 'వడ్లు' దానికి ఏమేమిటిగానో వినపడుతుంది. తరగతిలో నవ్వుకోవడానికి బాగుంటుంది, యార్డులో వాడడానికి కాదు.

ఇంకో పట్టింపు కూడా ఉంది. డబ్బా ఒక ప్రశ్న వేసి ఎనిమిది సెకన్ల పాటు ఆగుతుంది. ఆలోగా మనిషి పలకకపోతే ఒక్కసారి గుర్తు చేసి ఊరుకుంటుంది. మన పెద్దవాళ్లకు ఎనిమిది సెకన్లు గొంతు సవరించుకోవడానికి సరిపోతాయి.

మరి దారి లేదా అంటే ఉంది. ఇదే పద్ధతిలో నడిచే వేరే పనిముట్లు ఉన్నాయి, ఏ కంపెనీ జాబితాతోనూ నిమిత్తం లేనివి. రాసా అని ఒకటుంది. అదీ నల్ల తెరే. 'రాసా ఇనిట్' అంటే ఫోల్డరు పుడుతుంది, 'రాసా ట్రెయిన్' అంటే మనం రాసిన వాక్యాలు చదువుకుంటుంది, 'రాసా షెల్' అంటే మాటామంతీకి కూర్చుంటుంది. అందులో తెలుగు వాక్యాలు తెలుగు లిపిలోనే రాయవచ్చు. అయితే అది అక్షరాలు చదువుతుంది గానీ శబ్దం వినదు. శబ్దాన్ని అక్షరాలుగా మార్చేది ఇంకొకటి ముందు నిలబెట్టాలి. 2022 సెప్టెంబరులో ఓపెన్ఏఐ సంస్థ విస్పర్ అనేదాన్ని అందరికీ విడుదల చేసింది. ఒక్క కమాండ్ ఇస్తే రికార్డింగు విని రాసిపెడుతుంది. దాని భాషల్లో తెలుగు ఉంది. కానీ అప్పట్లో దానికి నేర్పడానికి వాడిన శబ్దం 6,80,000 గంటలైతే, అందులో తెలుగు మాటకు తెలుగు అక్షరం జతపడ్డ భాగం పది గంటలు కూడా లేదు. అంత కొద్ది పాఠంతో ఆ యంత్రం దేవరకొండ సంతలో ఏం నెగ్గుకొస్తుంది?

కాబట్టి లోటు ఉన్నది కోడ్‌లో కాదు. మన గొంతులు, మన వాక్యాలు ఎవరి దగ్గరా తగినన్ని లేవు.

యంత్రానికి మనిషి మాట వినిపించే ప్రయత్నంలో మొదటి వరుసలో నిలిచినవాడు తెలుగువాడే కావడం గమ్మత్తు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ పని మొదలుపెట్టారు. 1976 నాటికి కార్నెగీ మెలన్‌లో ఆయన ఆధ్వర్యంలో తయారైన హార్పీ వెయ్యి మాటలు గుర్తుపట్టేది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. హార్పీ విన్నది ఇంగ్లీషు. మన భాష వంతు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మాటలు సేకరించడం మనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లాల వారీగా రైతులను అడిగించి, నాగలి నుంచి నూర్పిడి దాకా ఎక్కడ ఏ మాట వాడతారో రాయించి, మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని 1962లో తెచ్చారు. రెండోది 1971లో చేనేత మీద. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాలున్న సీమలో ఆ రెండో సంపుటం ఎంత అక్కరకొచ్చేదో వేరే చెప్పనక్కర లేదు. ఇవాళ ధరల స్కిల్‌కు మారుపేర్ల జాబితా రాసేవాడు ముందుగా తెరవవలసింది ఆ మొదటి సంపుటాన్ని. కంప్యూటర్ ల్యాబుల్లో దాన్ని నేనెక్కడా చూడలేదు. తెలుగు శాఖ బీరువాల్లో తాళం లోపల భద్రంగా ఉంటుంది.

ఇక శబ్దం సంగతి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతాల మాటనూ కలిపి దాదాపు 2,000 గంటల తెలుగు సేకరించారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, గూగుల్ కలిసి 'వాణి' అని ఒక పథకం చేపట్టాయి. దేశంలోని 773 జిల్లాల నుంచి లక్షన్నర గంటల మాట పోగుచేయాలని లక్ష్యం. మొదటి విడతకు 80 జిల్లాలు ఎంచుకున్నారు. తెలంగాణ నుంచి అందులో చోటు దక్కినవి రెండే: కరీంనగర్, మన నల్లగొండ.

వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. కాగితం ఇచ్చి చదవమనలేదు. చదవమంటే మనం ఎట్లా మారిపోతామో మీకు తెలుసు, గొంతు బిగుసుకుని వార్తలు చదివినట్టు అవుతుంది. వాళ్లు ఫోనులో ఒక బొమ్మ చూపించి, ఏం కనపడుతుందో చెప్పమన్నారు. బొమ్మ చూసినవాడు పుస్తకం మాట మాట్లాడడు. 'ఇగో ఈడ బర్లున్నయ్, పక్కపొంటి గడ్డిమోపున్నది' అంటాడు. ఆ మాట కావాలి మనకు. అదంతా ఉచితంగా దింపుకునేలా పెట్టారు. ఒక్క చిక్కు, సేకరించిన దానిలో కొంత భాగమే విని అక్షరాల్లోకి ఎక్కించారు. మిగతాది ఓపికగా విని రాసే మనిషి కోసం ఎదురుచూస్తున్నది. విని రాయడమంటే దిద్ది రాయడం కాదు. 'ఉన్నయ్' అంటే 'ఉన్నాయి' అని సవరించి రాసే అలవాటు మన చదువుకున్నవాళ్లకు వేళ్లలోకి దిగిపోయింది. అట్లా రాస్తే యంత్రం తప్పు పాఠం నేర్చుకుంటుంది.

ఇదంతా ఎవరి కోసం? 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అదే అట్టడుగు. నల్లగొండ 64 శాతం. తట్ట, పార పట్టుకుని దేశమంతా పనికి పోయిన పాలమూరు కూలీలకు ఇవాళ చేతిలో ఫోనుంది. అందులో చదవలేని అక్షరాలున్నాయి, నొక్కగలిగే మైకు గుర్తుంది. తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యాన్ని గూగుల్ ఫోన్లలో 2017 ఆగస్టులో ఇచ్చింది. యూట్యూబ్‌లో పాట కావాలంటే అక్షరం రాని అవ్వ కూడా మైకు నొక్కి అడుగుతున్నది. పాట తప్పు వస్తే నవ్వుకుని మళ్లీ అడుగుతుంది. వడ్ల రేటు తప్పు వస్తే అట్లా కాదు, బండి కట్టించిన కిరాయి నష్టం. తెర మీదైతే తప్పు కంటికి కనపడుతుంది. చెవికి వినిపించిన తప్పు తప్పని తెలియదు. అందుకని ధర చెప్పే ముందు డబ్బా 'మీరు అడిగింది జడ్చర్లలో పల్లికాయ రేటు, అవునా?' అని తిరిగి అడగాలి. ఎన్నో తారీఖు రేటో కూడా చెప్పాలి. నిన్నటి ధరను ఇవాళ్టి ధరలా వినిపించే స్కిల్ ఉండడం కంటే లేకపోవడమే నయం.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది, మహబూబ్‌నగర్లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. కంప్యూటర్ శాఖ పిల్లలు, తెలుగు శాఖ పిల్లలు జంటలుగా మార్కెట్ యార్డు గేటు దగ్గర రెండు వారాలు కూర్చుంటే ఆ రెండో ఫైలు తయారవుతుంది. పేర్లు అడగొద్దు, ఫోన్ నెంబర్లు అడగొద్దు, గొంతు రికార్డు చేస్తుంటే చెప్పి చేయాలి. ఎన్ని రకాలుగా అడుగుతున్నారో అన్ని రకాలుగా రాసుకోవాలి.

మొదటి పంటగా నన్నడిగితే బత్తాయిని తీసుకోమంటాను. నల్లగొండ తోటల్లో ఎక్కువ, మాటల్లో మెలికలూ ఎక్కువ. వడ్లు క్వింటాలు లెక్కన చెబుతారు, బత్తాయి టన్ను లెక్కన. సీజను కాయ ధర వేరు, కత్తెర కాపు ధర వేరు. ఇవన్నీ స్లాట్లలో సర్దవచ్చు. కానీ తోట అమ్ముకునే రైతు చివరికి అడిగే ప్రశ్న వీటిలో దేనికిందికీ రాదు. అది 'టన్నుకెంత?' కాదు, 'తరుగు పోను చేతికెంతొస్తది?' అని. తరుగు ఎంత తీస్తారో అగ్‌మార్క్‌నెట్‌లో ఉండదు. కాబట్టి ఆ ఇంటెంటు కింద వాక్యాలు రాసుకున్న పిల్లలు, జవాబు కోసం మళ్లీ యార్డులోకి వెళ్లి కాంటా దగ్గర నిలబడి రాసుకోవాలి.